ధర ఎక్కువ చెప్పిన ఏజెంటా, లోపాలు దాచొద్దన్న ఏజెంటా?

వాకిలి:
ఇల్లు అమ్మకానికి పెట్టాలి. ముగ్గురు ఏజెంట్లు చూసి వెళ్లారు. ఒకాయన మిగతా ఇద్దరికంటే 12 శాతం ఎక్కువ ధర చెప్పి, అంతకు తానే అమ్మిపెడతానంటున్నారు. ఇంకొకాయన తక్కువ చెప్పారు, పైగా పడకగది గోడకున్న చెమ్మ సంగతి కొనేవాళ్లకి ముందే చెప్పి తీరాలంటున్నారు. ఇంట్లో అందరూ మొదటి ఆయన వైపే. నిజాయితీ గల ఏజెంటు వల్ల చేతికొచ్చే డబ్బులో తేడా ఉంటుందా, లేక మనశ్శాంతి మాత్రమేనా? ఎవరు ఎలాంటివారో సంతకం పెట్టకముందే తెలుసుకోవడం ఎలా?

గజంబద్ద:
ఎక్కువ చెప్పినాయన్ని ముందు ఒకటి అడగండి: ఏ అమ్మకాలు చూసి ఈ ధర కట్టారు? అదే ప్రాంతంలో, దాదాపు అదే విస్తీర్ణం, అదే వయసున్న ఇళ్లు గత ఆరు నెలల్లో ఎంతకు అమ్ముడయ్యాయో కనీసం మూడు చూపించాలి. అమ్మకానికి పెట్టిన ధరలు లెక్కలోకి రావు, అవి యజమానుల ఆశలు. మూడింటిలో ఒక్కోదానికీ మీ ఇంటికీ ఉన్న తేడాకి (అంతస్తు, పార్కింగు, మరమ్మతులు) ఎంత కలిపారో, ఎంత తీశారో కూడా చెప్పగలగాలి.

చూపించలేకపోతే ఆ 12 శాతం మీ సంతకం కోసం వేసిన ఎర. ఒప్పందం అయ్యాక నెలకోసారి "మార్కెట్ పడిపోయింది, కొంచెం తగ్గిద్దాం" అని మొదలవుతుంది. దీనివల్ల అసలు నష్టం ఏమిటంటే, కొత్తగా వచ్చిన ఇంటికి గిరాకీ మొదటి రెండు మూడు వారాల్లోనే ఎక్కువ. అప్పటికే వెతుకుతూ ఉన్నవాళ్లంతా ఆ సమయంలోనే చూస్తారు. ధర వాళ్ల బడ్జెట్ దాటి ఉంటే మీ ఇల్లు వాళ్ల కంట పడదు. తర్వాత తగ్గించినా, ఇన్నాళ్లు అమ్ముడుపోలేదంటే ఏదో ఉందనే అనుమానంతోనే బేరం మొదలుపెడతారు. చాలాసార్లు మొదటే సరైన ధర పెట్టి ఉంటే వచ్చేదానికంటే తక్కువకే తెగుతుంది.

లెక్కలపద్దు:
డబ్బులో తేడా ఉంటుందా అన్నదానికి జవాబు కమీషన్ లెక్కలోనే ఉంది. ధర 100, కమీషన్ 2 శాతం అనుకోండి. ఇంకో నెల ఆగితే 105 వస్తుందనుకుందాం. ఆ అదనపు 5లో మీకు 4.9, ఏజెంటుకు 0.1. అందులోనూ ఆఫీసు వాటా పోతుంది. దానికోసం ఇంకో నెల తిరగాలి, ప్రకటనలకు ఖర్చు పెట్టాలి. అందుకే "వచ్చిన బేరం వదులుకోకండి" అనే మాట అంత తేలిగ్గా వస్తుంది.

స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో షికాగో ప్రాంతపు లక్షకు దగ్గరగా ఇళ్ల అమ్మకాలు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అమ్ముకున్నప్పుడు, అలాంటి ఇతరుల ఇళ్లకంటే సగటున 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టారు, దాదాపు 9.5 రోజులు ఎక్కువ ఆగారు. అంటే ఆగితే వస్తుందని వాళ్లకు తెలుసు. మీ ఇంటికి కూడా సొంత ఇంటికి ఆగినట్టే ఆగే ఏజెంటు విలువ ఇక్కడుంది, ఆయన కమీషన్ కంటే ఇది పెద్ద మొత్తం కావచ్చు.

కమీషన్ని మెట్లుగా పెట్టుకోవచ్చు: అనుకున్న ధర వరకు ఒక శాతం, దాటిన మొత్తం మీద ఇంకా ఎక్కువ శాతం. అయితే ఆ "అనుకున్న ధర" గజంబద్ద గారు చెప్పినట్టు జరిగిన అమ్మకాలతో తేల్చాలి. లేకపోతే కావాలనే తక్కువ కట్టి మెట్టు దాటేస్తారు. "నా చేతికి ఇంత రావాలి, పైన ఎంతొచ్చినా నీదే" అని మాత్రం ఎప్పుడూ ఒప్పుకోకండి. ఆ క్షణం నుంచి అసలు ధర మీకు తెలియకుండా చూడటమే ఆయనకు లాభం.

వాకిలి:
ఇది అర్థమైంది. కానీ చెమ్మ సంగతి మనమే చెబితే ధర పడిపోదా?

సున్నపుగోడ:
కొంత తగ్గుతుంది. దాస్తే ఇంకా ఎక్కువ తగ్గుతుంది. రంగు వేసి కప్పినా ఇంజనీరు తేమ మీటరు పెడితే దొరికిపోతుంది. బేరం కుదిరి అడ్వాన్సు ఇచ్చాక బయటపడితే కొనేవాళ్లు మరమ్మతు ఖర్చుతో ఆగరు, ఇంకేం దాచారోనన్న భయానికి కూడా కోత పెడతారు. అప్పటికి మిగతా బేరాలు చేజారిపోయి ఉంటాయి. తెలిసి దాచిన లోపం మీద అమ్మకం అయ్యాక కూడా దావా వేసే వీలు చాలా దేశాల చట్టాల్లో ఉంది.

ముందు కారణం పట్టుకోండి. నేల నుంచి ఎక్కే తేమ సాధారణంగా గోడ అడుగు నుంచి ఒక మీటరు ఎత్తులోపే ఉంటుంది, తెల్లటి ఉప్పు తేలుతుంది. వానాకాలంలోనే పెరిగితే పైకప్పో, బయటి గోడ పగులో చూడాలి. వానతో సంబంధం లేకుండా ఒకేచోట మచ్చ విస్తరిస్తుంటే పైపు లీకు. బాగు చేయించాక గోడ పూర్తిగా ఆరనివ్వాలి. ఇటుక గోడకు అంగుళం మందానికి నెల చొప్పున వేసుకోండి, ఆరకముందు వేసిన రంగు పొరలుగా ఊడిపోతుంది. అంత సమయం లేదా? అయితే ఇద్దరు మేస్త్రీల దగ్గర రాతపూర్వక అంచనాలు తీసుకుని, ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లకి ముందే చూపించండి. అంకె తెలిస్తే ఆ అంకె మేరకే బేరమాడతారు, తెలియకపోతే దానికి మూడు రెట్లు ఊహించుకుంటారు.

దస్తావేజు:
ఏజెంటు మాటతీరు చూసి తేల్చుకోకండి. ఈ షరతులు కాగితం మీద పెట్టమంటే ఏమంటారో చూడండి. ఏకైక ఏజెంటు హక్కు 90 రోజులకు మించకూడదు, పనిచేయకపోతే రెండు వారాల నోటీసుతో తప్పించే వీలుండాలి. వచ్చిన ప్రతి ఆఫర్నీ, తక్కువదైనా సరే, 24 గంటల్లో రాతపూర్వకంగా మీకు పంపాలి. కొనేవాళ్ల దగ్గర కూడా కమీషన్ తీసుకుంటుంటే, కొనేది ఆయన బంధువో భాగస్వామో అయితే, లోను ఇప్పించేవాళ్ల నుంచో లాయరు నుంచో వాటా వస్తుంటే, ఇవన్నీ ముందుగా చెప్పాలి. అడ్వాన్సు ఆయన సొంత ఖాతాలోకి వెళ్లకూడదు.

అందరూ మర్చిపోయేది గడువు తర్వాతి కమీషన్. ఒప్పందం ముగిశాక కూడా "నేను చూపించినవాళ్లే కొన్నారు" అని అడుగుతారు. గడువు రోజున ఆయన ఇచ్చిన జాబితాలో పేరున్నవాళ్లు కొంటేనే కమీషన్, అదీ 60 రోజుల వరకే అని రాయించండి.

ఒక పరీక్ష చెప్తాను. మీకు తెలిసినవాళ్లెవరితోనైనా, ఆ ఏజెంటు ప్రస్తుతం అమ్ముతున్న వేరే ఇంటి గురించి ఫోన్ చేయించి, "ఓనరు ఎంతవరకు దిగుతారు?" అని అడిగించండి. టక్కున ఒక అంకె చెప్పేస్తే, రేపు మీ అంకె కూడా అలాగే చెప్తారు.

గజంబద్ద:
దస్తావేజు గారి జాబితాకు ఒకటి కలుపుతాను. వారానికోసారి ఎంతమంది చూశారు, ఏమన్నారు అన్నది రాసి ఇవ్వాలని పెట్టుకోండి. 10 మంది వచ్చి చూసినా ఒక్క ఆఫర్ రాకపోతే ధరనో ఇంటి స్థితినో సరిచూసుకోవాలి. అసలు చూడటానికే ఎవరూ రాకపోతే ముందు ఫోటోలు, ప్రకటన తిరిగి చూడండి, ధర దించడం ఆ తర్వాత.