బెజవాడలో వేసిన లాషెస్ మూడ్రోజులు కూడా నిలవట్లేదు, తప్పు గ్లూదా నాదా?

బెజవాడ పార్లర్:
అందరికీ నమస్తే. నాకు ఇంట్లోనే ముందు గదిలో చిన్న పార్లర్ ఉంది. త్రెడింగ్, ఫేషియల్, పెళ్ళికూతురు మేకప్ పదేళ్ళుగా చేస్తున్నా. మార్చిలో హైదరాబాద్ వెళ్ళి ఐలాష్ ఎక్స్‌టెన్షన్స్ (సొంత రెప్ప వెంట్రుకలకి గ్లూతో అతికించే కృత్రిమ వెంట్రుకలు) కోర్సు మూడు రోజులు చేసొచ్చా. అక్కడ మోడల్‌కి నేను వేసిన క్లాసిక్ సెట్ (ఒక్కో సొంత వెంట్రుకకి ఒక్కో ఎక్స్‌టెన్షన్) మూడు వారాలు నిలిచింది, ఆ అమ్మాయే ఫోటో పెట్టింది, మేడమ్ కూడా నీ చెయ్యి బాగుంది అంది. ఇంటికొచ్చాక ఏప్రిల్, మే బాగానే గడిచాయి. జూలై నుంచి మొదలైంది. వేసిన మర్నాడే దిండు మీద నాలుగైదు, మూడో రోజుకి ఒక కంటికి సగం ఖాళీ. నలుగురు కస్టమర్లకి ఇలాగే అయింది, ఒకావిడ డబ్బులు వెనక్కి ఇమ్మని వాట్సాప్‌లో వాయిస్ మెసేజీల మీద మెసేజీలు. గ్లూ బాలేదేమో అని మూడు రకాలు మార్చాను, మూడూ ఖరీదైనవే, చెడిపోకూడదని ఫ్రిజ్‌లో పెడుతున్నా. కోర్సులో చెప్పినట్టే ముందు జిడ్డు పోవడానికి ప్రైమర్ పూస్తా, చివర్లో నానో మిస్టర్‌తో (చేత్తో పట్టుకునే చిన్న యంత్రం) సన్నటి నీటి తుంపర కూడా కొడతా. శ్రావణంలో పెళ్ళిళ్ళకి ఇద్దరు పెళ్ళికూతుళ్ళు బుక్ చేసుకున్నారు, నాకేమో రాత్రుళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో కాస్త చెప్పండి.

సాగరతీరం:
అక్కా, నేను వైజాగ్‌లో నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నా. మీ పోస్టు చదువుతుంటే నా మొదటి వానాకాలం గుర్తొచ్చింది. ముందు ఒకటి చెప్పండి, గదిలో తేమ ఎంతుందో చూశారా? వానలు పడి చల్లబడింది కదా అని ఏసీ కట్టేసి ఫ్యాన్ కింద వేస్తున్నారా?

ఎందుకు అడుగుతున్నానంటే, మన గ్లూ సయనోఅక్రిలేట్ అనే రసాయనం. ఇది గాలికి ఆరే రకం కాదు, తేమ తగిలితే గట్టిపడే రకం. గోడకి వేసే పెయింటులా వానాకాలం ఆలస్యంగా ఆరుతుంది అనుకుంటాం, ఇక్కడ సరిగ్గా తిరగేసి ఉంటుంది. గదిలో తేమ 75, 80 శాతం ఉంటే ఒక సెకనులో ఆరే గ్లూ మీరు చుక్కలో ముంచి కంటి దాకా తెచ్చేలోపే పైన పొర కట్టేస్తుంది. అప్పుడు ఎక్స్‌టెన్షన్ వెంట్రుకని చుట్టి పట్టుకోదు, పక్కన ఆనుకుని ఉంటుందంతే. ఆ పూటకి బ్రహ్మాండంగా కనబడుతుంది, రాత్రి దిండుకి రాసుకోగానే రాలిపోతుంది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ మీకు నిలిచింది. ఏప్రిల్, మేలో ఎండలకి మీరే ఏసీ వేసి ఉంటారు, అందుకే అప్పుడూ నిలిచింది.

ఇక ఆ మిస్టర్ సంగతి. పొడిగాలి ఉన్నచోట గ్లూ త్వరగా గట్టిపడటానికి కొడతారు దాన్ని. అసలే చెమటలు కారే బెజవాడ గాలిలో మళ్ళీ నీళ్ళు కొడితే గ్లూ ఒక్కసారిగా బిగుసుకుపోయి పెళుసుగా అవుతుంది, ఒక్కోసారి మొదళ్ళ దగ్గర తెల్లగా పొడిలా కూడా కనబడుతుంది. మీకు అలా తెల్లబడుతోందా? ఈరోజే మానేయండి.

ఫ్రిజ్ కూడా వద్దు. సీల్ తియ్యనిది పెట్టుకోవచ్చు గానీ, తెరిచిన సీసాని చల్లటి చోటు నుంచి తీసి తేమ గదిలో మూత తీస్తే దాని మీద నీరు పడుతుంది, గ్లూ లోపలే చిక్కబడిపోతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, సీసా నిలబెట్టి, గది వేడిమిలోనే ఉంచండి. తెరిచాక నెలా నెలన్నర దాటితే నేనైతే పారేస్తా, ఎంత మిగిలినా సరే. (మొదట్లో పారెయ్యడానికి ప్రాణం ఒప్పేది కాదు, చివరికి ఆ సీసానే నాకు ఇద్దరు కస్టమర్లని పోగొట్టింది.)

కాస్త నెమ్మదిగా ఆరే గ్లూ కొనండి, మీరింకా కొత్త కదా, ఒక్కో వెంట్రుక పెట్టడానికి టైమ్ పడుతుంది. చుక్క కూడా పావుగంటకోసారి మార్చండి. ఇవన్నీ చేసేముందు ఒక తేమ మీటర్ కొనండి, మూడు గ్లూలకి పెట్టిన డబ్బులో పదో వంతు కూడా కాదు.

ముత్యాలపందిరి:
పైన చెల్లి చెప్పింది నిజమే కానీ అంతా గాలి మీదకే నెట్టెయ్యొద్దు. మీ పార్లర్‌లో ఫేషియల్ చేసి అదే మంచం మీద లాషెస్ వేస్తున్నారేమో చూసుకోండి. మసాజ్ క్రీమ్ జిడ్డు రెప్పల మీద ఉంటే ప్రైమర్ ఏం చేస్తుంది పాపం. మనవాళ్ళ కాటుక సంగతి చెప్పనే అక్కర్లేదు, కడిగేశాం అంటారు, మొదళ్ళలో నిన్నటిది మొన్నటిది అలాగే ఉంటుంది. నురగ వచ్చే లాష్ క్లెన్సర్‌తో బ్రష్ పెట్టి కడిగి, నీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరాకే మొదలుపెట్టండి. నాకు ఈ కడగడానికే పది నిమిషాలు పడుతుంది.

ఇంకోటి, రాలినవి పారెయ్యకుండా టేప్ ముక్క మీద అంటించి తెమ్మని కస్టమర్‌కి చెప్పండి. ఎక్స్‌టెన్షన్‌తో పాటు సొంత వెంట్రుక కూడా ఊడి వస్తే అది మామూలుగా రోజూ రాలిపోయేదే, కాకపోతే బరువు ఎక్కువైందేమో చూసుకోవాలి. ఒట్టి ఎక్స్‌టెన్షనే వస్తే అతకడంలో తేడా. దాని మొదలు దగ్గర గ్లూ గుండ్రంగా పూసలా ఉందంటే తగలకముందే ఆరిపోయిందని అర్థం. దీన్ని చూస్తే ఎవర్నీ అడగక్కర్లేదు.

అద్దాలమేడ:
నేను టెక్నీషియన్‌ని కాదు, వేయించుకుని అనుభవించినదాన్ని. రెండుసార్లు బాగానే ఉంది, మూడోసారి వేయించుకున్న మర్నాడు పొద్దున రెండు రెప్పలూ పూరీల్లా ఉబ్బాయి, దురద. పార్లర్ వాళ్ళు ఐస్ పెట్టుకో తగ్గిపోతుంది అన్నారు. కంటి డాక్టర్ చూసి గ్లూ అలర్జీ అని చెప్పి అన్నీ తీయించేశారు, ఇక వద్దన్నారు. కాబట్టి అక్కా, ప్యాచ్ టెస్ట్ (కొంచెం గ్లూతో ముందుగా అలర్జీ వస్తుందేమో చూడటం) ఒకరోజు ముందు తప్పకుండా చెయ్యండి, చేసినా పాసయ్యారు కదా అని ధీమాగా ఉండొద్దు, ఈ అలర్జీ ఎన్నోసారికైనా రావచ్చు, ఒకసారి వచ్చిందంటే మళ్ళీ వేసిన ప్రతిసారీ వస్తుంది. వేసేటప్పుడే కళ్ళు మండుతున్నాయి అంటే అది వేరు, అది ఆవిరి వల్ల లేదా రెప్ప సరిగ్గా మూయకపోవడం వల్ల. మర్నాడు ఉబ్బితే మాత్రం డాక్టర్ దగ్గరికి పంపండి, ఇంటి వైద్యం చెప్పకండి.

ఫ్రిస్కో వదిన:
డల్లాస్ పక్కనుంచి రాస్తున్నా. ఇక్కడ టెక్సాస్‌లో లాషెస్ వెయ్యడానికి విడిగా లైసెన్స్ ఉంది, 320 గంటల కోర్సు చేసి పరీక్ష పాసవ్వాలి. మీరు మూడు రోజుల్లో నేర్చుకున్నానంటే చిన్నచూపుగా అనట్లేదు, కానీ ఆ మిగతా గంటల్లో మాకు నేర్పింది అందంగా పెట్టడం కాదు, శుభ్రత, కంటి జబ్బులు గుర్తుపట్టడం, ఎవరికి వేయకూడదో చెప్పడం. రెప్పల మొదళ్ళలో చుండ్రులా పొట్టు కనబడినా, కళ్ళకలక వచ్చి తగ్గుతున్నా నేను వెనక్కి పంపేస్తా. ఇక్కడ మన తెలుగువాళ్ళే, "పర్లేదు వదినా, పార్టీ ఉంది వేసెయ్" అంటారు. వెయ్యను.

ఐసొలేషన్ కూడా చూసుకోండి, అంటే అతికించేటప్పుడు ఒక్కో సొంత వెంట్రుకని పక్కవాటి నుంచి విడదీసి పట్టుకోవడం. రెండు సొంత వెంట్రుకలు ఒకే గ్లూకి అంటుకుంటే, రెండూ ఒకే వేగంతో పెరగవు కాబట్టి ఒకటి రెండోదాన్ని లాగుతుంది, కస్టమర్‌కి గుచ్చుకున్నట్టు ఉంటుంది, పీక్కుంటారు. ఒక సెట్ అయ్యాక ట్వీజర్‌తో వరసగా ప్రతిదాన్నీ విడదీసి చూడటానికి నేను పావుగంట పెట్టుకుంటా. అందరూ 0.20 మిల్లీమీటర్ల మందం వాడి ఒత్తుగా చూపించాలనుకుంటారు, సన్నటి రెప్ప వెంట్రుకలున్నవాళ్ళకి 0.15 దాటొద్దు.

మెడ సంగతి ఎవరూ చెప్పలేదేం? రెండు మూడు గంటలు వంగి కూర్చుంటే నలభై దాటాక తెలుస్తుంది. మంచం ఎత్తు పెంచండి, మీరు వంగకండి.

సాగరతీరం:
వదిన మెడ మాట అక్షరాలా నిజం, నాకు ముప్పై రెండుకే తెలిసింది.

కుంకుమభరిణ:
నాదో వేరే మాట, తిట్టుకోకండి. పెళ్ళికూతుళ్ళకి అసలు ఎక్స్‌టెన్షన్స్ ఎందుకు? ఒక్కరోజుకి మేకప్‌తో పాటు స్ట్రిప్ లాషెస్ (రెప్ప మీద ఒకే పట్టీగా అంటించేవి) పెడితే రాత్రికి తీసేసుకుంటారు. కొత్తగా నేర్చుకున్న పనిని పెళ్ళి మీద ప్రయోగం చెయ్యొద్దనే అంటా నేను.

ముత్యాలపందిరి:
అప్పగింతల్లో ఏడ్చి ఏడ్చి స్ట్రిప్ ఊడి బుగ్గ మీదకొచ్చిన ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయమ్మా, అందుకే అడుగుతారు వాళ్ళు. కాకపోతే రోజు చూసుకోవాలి. నలుగు, తలంటు, మంగళస్నానం అయ్యాకే వెయ్యాలి. ముందే వేస్తే పిన్నమ్మలు నూనె, సున్నిపిండి కళ్ళ మీదుగా రుద్ది పారేస్తారు, ఎవరినీ ఆపలేం. పెళ్ళి వారం ముందు ట్రయల్‌కి రెండు మూలల్లో నాలుగైదు వేసి చూడండి, అలర్జీ సంగతి కూడా కొంతవరకు తెలుస్తుంది.

బెజవాడ పార్లర్:
పది రోజులైంది, ఏమైందో చెప్పాలి కదా. తేమ మీటర్ కొన్నా, ఆన్ చేయగానే 79 చూపించింది, పాడైందేమో అని పక్కింటికి తీసుకెళ్ళి చూస్తే అక్కడ 81. ఏసీ కట్టేసి ఫ్యాన్ వేసుకుని కూర్చున్న మాట నిజమే, కరెంటు బిల్లు చూసి ఆపాను. ఇప్పుడు కస్టమర్ రావడానికి గంట ముందే డ్రై మోడ్‌లో పెడుతున్నా, 55 దాకా దిగుతోంది. మొదళ్ళు తెల్లబడటం కూడా ఉండేది, నేను పౌడర్ అనుకున్నా.

డబ్బులు అడిగినావిడని పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పి, పాతవి తీసేసి ఉచితంగా మళ్ళీ వేశా. నిన్న ఫోటో పెట్టింది, ఎనిమిది రోజులకి ఒక కంటికి రెండు, ఇంకో కంటికి మూడు పోయాయి, అంతే. పెళ్ళికూతుళ్ళలో ఒకమ్మాయి కాటుక మానను అంది, తనకి స్ట్రిప్ పెడతానని చెప్పేశా. రెండో అమ్మాయికి మంగళస్నానం తెల్లవారుజామున నాలుగింటికట, ముహూర్తం పదకొండున్నరకి, మధ్యలో నాకు రెండున్నర గంటలిస్తామన్నారు. నాకింకా సెట్‌కి మూడు పడుతోంది. బయటి మూలల్లో మాత్రమే వేస్తే సరిపోతుందా వదినా?

మిస్టర్‌తో మా పాప తులసి మొక్కకి నీళ్ళు కొడుతోంది.

ఫ్రిస్కో వదిన:
సరిపోతుంది. కంటి సగం నుంచి బయటికి వెయ్యి, పొడుగు 10, 11 మిల్లీమీటర్లు దాటించకు, గంటన్నరలో అయిపోతుంది. మంచం మాత్రం ఎత్తు పెంచుకో.