హ్యారీ డీన్ స్టాంటన్ నటించారా, ఊరికే తెర మీద ఉన్నారా?

ప్రశ్న (రెండో ఆట)

ఈ వారం ‘లక్కీ’ అనే 2017 నాటి అమెరికన్ చిత్రం చూశాను. ఎడారి అంచున ఉన్న ఒక చిన్న ఊళ్లో తొంభై ఏళ్ల ఒంటరి మనిషి పొద్దున్నే లేచి నాలుగు ఆసనాలు వేయడం, సిగరెట్టు వెలిగించడం, నడుచుకుంటూ హోటలుకు వెళ్లి కాఫీ తాగుతూ గళ్ల నుడికట్టు పూరించడం, సాయంత్రం బారులో ఎవరితోనో వాదన పెట్టుకోవడం, ఇంతకు మించి కథ అని చెప్పుకోదగ్గది అందులో పెద్దగా లేదు. అయినా చివరిదాకా చూపు తిప్పుకోలేకపోయాను. ఆ పాత్ర వేసిన హ్యారీ డీన్ స్టాంటన్ ముఖం నాకు కొత్తది కాదు. ‘ఏలియన్’లో టోపీ పెట్టుకుని పిల్లిని వెతుక్కుంటూ వెళ్లి ప్రాణం పోగొట్టుకునే మెకానిక్కు ఆయనే; ‘ద గ్రీన్ మైల్’లో మరణశిక్షకు ముందు జరిపే రిహార్సల్‌లో అసలు ఖైదీకి బదులుగా కుర్చీలో కూర్చుని తమాషా చేసే ముసలి ఖైదీ కూడా ఆయనే. పేరు మాత్రం ఇప్పుడే తెలిసింది.

తెలుసుకోవాలనుకుంటున్నవి రెండు. ఆరు దశాబ్దాలు, ఎక్కువగా చిన్న చిన్న వేషాలతోనే, ఒక మనిషి హాలీవుడ్‌లో ఎలా నిలదొక్కుకోగలిగారు? రెండోది కాస్త మొండి ప్రశ్న. నేను చూసిన ప్రతి చిత్రంలోనూ ఆయన అవే పీక్కుపోయిన బుగ్గలతో, అదే నింపాది మాటతో, ఒకే మనిషిలా కనిపించారు. తనను తాను తెర మీద చూపించుకోవడాన్ని నటన అనవచ్చునా? ‘లక్కీ’ పాత్రను ఆయన కోసమే రాశారని చదివిన తరువాత ఈ సందేహం మరీ బలపడింది.

సమాధానం (నలుపు తెలుపు)

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆయన ప్రతిభలో ఎంత ఉందో, ఆయన పరిశ్రమలో అడుగుపెట్టిన కాలంలోనూ అంతే ఉందని నా అభిప్రాయం. స్టాంటన్ 1926 జులై 14న కెంటకీ రాష్ట్రంలోని వెస్ట్ అర్విన్‌లో పుట్టారు. తండ్రి పొగాకు పండించే రైతు, క్షౌరవృత్తి కూడా చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో స్టాంటన్ నౌకాదళంలో చేరి, ట్యాంకులనూ సైనికులనూ నేరుగా ఒడ్డుకు దించే ఓడ ఒకదానిలో వంటవాడిగా పనిచేశారు. 1945లో ఒకినావా యుద్ధం జరిగినప్పుడు ఆ ఓడలోనే ఉన్నారు. తిరిగి వచ్చాక కెంటకీ విశ్వవిద్యాలయంలో పత్రికారచన, రేడియో చదువుతూ అక్కడి నాటకాల్లో వేషాలు వేసి, ఆ రుచి మరిగి, చదువు మధ్యలోనే వదిలి కాలిఫోర్నియాలోని పాసడీనా ప్లేహౌస్‌లో శిక్షణకు వెళ్లారు. టెలివిజన్‌లో తొలిసారి కనిపించింది 1954లో, సినిమాలో 1957లో. అంటే సినిమా గడప తొక్కేసరికే ముప్ఫై ఏళ్లు.

అప్పట్లో అమెరికన్ టెలివిజన్‌ను గుర్రాలూ తుపాకులూ ఏలుతున్నాయి. వారం వారం కొత్త కథ చెప్పే కౌబాయ్ ధారావాహికల్లో నాయకుడు స్థిరంగా ఉంటాడు గనుక, అతని చేతిలో ఓడిపోవడానికో, అతణ్ని మోసగించడానికో, మొదటి పది నిమిషాల్లోనే చనిపోవడానికో ప్రతి వారం కొత్త ముఖాలు కావలసి వచ్చేవి. బక్కపలచని ఒళ్లు, లోతుకు పోయిన కళ్లు, కెంటకీ యాస ఉన్న స్టాంటన్‌కు ఆ గిరాకీ అన్నం పెట్టింది. ‘గన్‌స్మోక్’ ఒక్కదానిలోనే ఆయన పలుమార్లు, వేర్వేరు మనుషులుగా కనిపించారు. ఒక ఏడాది పాడె ఎక్కినవాణ్ని మరో ఏడాది మరో పేరుతో తీసుకురావడం ఆ ధారావాహికల వాళ్లకు తప్పుగా తోచేది కాదు. హ్యారీ స్టాంటన్ అనే మరో నటుడు అప్పటికే ఉన్నందువల్ల 1970ల ఆరంభం దాకా టైటిళ్లలో ఈయన పేరు ‘డీన్ స్టాంటన్’ అనే పడింది. పాత చిత్రాల్లో ఆయన కోసం వెతికేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను రెండుసార్లు పొరపడ్డాను.

కౌబాయ్‌ల గిరాకీ తగ్గే సమయానికి మరో అదృష్టం కలిసివచ్చింది. 1967లో ‘కూల్ హ్యాండ్ లూక్’లో గిటారు వాయిస్తూ భక్తి గీతాలు పాడే ఖైదీగా నటించిన తరువాత, అందమైన ముఖాల కంటే అరిగిన ముఖాలను ఇష్టపడే దర్శకుల కాలం మొదలైంది. శామ్ పెకిన్‌పా, ఆర్థర్ పెన్, జాన్ హ్యూస్టన్ ఆయనను పిలిచారు. దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1974లో ‘ద గాడ్‌ఫాదర్ పార్ట్ 2’లో ఎఫ్‌బీఐ మనిషి వేషం ఇచ్చారు. 1979లో ‘ఏలియన్’ వచ్చింది. ఆ వేషం కోసం కలిసినప్పుడు తనకు సైన్స్ ఫిక్షన్ అన్నా, రాక్షసుల సినిమాలన్నా ఇష్టం లేదని ఆ చిత్ర దర్శకుడు రిడ్లీ స్కాట్ ముఖం మీదే చెప్పానని స్టాంటన్ తరువాత చెప్పుకునేవారు. అవకాశం కోసం వెళ్లిన నటుడు అనవలసిన మాట కాదది. అప్పటికి ఆయనకు యాభై దాటింది, ఇరవై ఏళ్లకు పైగా పని ఆగకుండా దొరుకుతోంది గనుక భయం పోయి ఉండవచ్చు.

సమాధానం (తెర వెనుక)

నలుపు తెలుపు గారు బతుకుతెరువు సంగతి చెప్పారు కాబట్టి నేను రెండో ప్రశ్నకే పరిమితం అవుతాను.

1966 నాటి ‘రైడ్ ఇన్ ద వర్ల్‌విండ్’ అనే తక్కువ ఖర్చు కౌబాయ్ చిత్రాన్ని నటుడు జాక్ నికల్సన్ రాశారు. నికల్సన్, స్టాంటన్ ఇద్దరూ అప్పటికే ప్రాణస్నేహితులు; 1962లో నికల్సన్ పెళ్లికి తోడుపెళ్లికొడుకు స్టాంటనే. ఆ చిత్రంలో దొంగల నాయకుడి వేషం ఇస్తూ నికల్సన్ ఒక షరతు పెట్టారట: ఏమీ చేయవద్దు, నటించే పని దుస్తులకు వదిలేసి నువ్వు నువ్వుగా ఉండు అని. తన నటనకు దారి చూపింది ఆ మాటేనని స్టాంటన్ అనేవారు. ఈ సలహా వినడానికి సులభంగా ఉంటుంది గాని, కెమెరా ముందు నిలబడిన మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోవడం, ముఖంలో ఏదో ఒక భావం పలికించకపోతే ప్రేక్షకుడు పట్టించుకోడేమోనన్న భయం, ఇవి రెండూ ఎంతటివాణ్నయినా వేధిస్తాయి. ఆ భయాన్ని పక్కన పెట్టి, ఎదుటివాడి మాటను నిజంగా వింటూ కూర్చోవడమే స్టాంటన్ సాధించిన విద్య.

దాని విలువ 1984లో వచ్చిన ‘పారిస్, టెక్సాస్’లో తెలుస్తుంది. నాటక రచయిత, నటుడు శామ్ షెపర్డ్ న్యూమెక్సికోలోని సాంటా ఫేలో ఒక బారులో స్టాంటన్‌ను కలిసినప్పుడు, తనకు వస్తున్న రకం వేషాలతో విసిగిపోయానని, కాస్త అందం, సున్నితత్వం ఉన్న పాత్ర ఏదైనా చేయాలని ఉందని ఆయన వాపోయారట. కొంతకాలానికి షెపర్డ్ తాను రాస్తున్న కథలో ట్రావిస్ పాత్ర ఆయనకే ఇవ్వజూపారు. దర్శకుడు విమ్ వెండర్స్. ఎర్ర టోపీ, మాసిన సూటు, ఖాళీ అయిన నీళ్ల డబ్బాతో టెక్సాస్ ఎడారిలో నడిచి వచ్చే ట్రావిస్ మొదటి ఇరవై నిమిషాలకు పైగా ఒక్క మాట మాట్లాడడు. తమ్ముడు వచ్చి కారులో ఎక్కించుకుని ఎంత బతిమాలినా పలకడు. ఆ మౌనంలో కోపం లేదు, పిచ్చి కూడా లేదు. మాట అనే వస్తువును ఎక్కడో పారేసుకుని, అది మళ్లీ కావాలో వద్దో తేల్చుకోలేని మనిషి కనిపిస్తాడు. పిలిస్తే తల తిప్పే తీరులోనే ఆ తేడా అంతా ఉంది.

చివరికి హ్యూస్టన్ నగరంలో, అవతలి మనిషికి కనబడకుండా చూసే అద్దం ఉన్న గదిలో, ఒకప్పటి భార్యతో ఫోనులో మాట్లాడేటప్పుడు ట్రావిస్ కుర్చీని వెనక్కి తిప్పుకుని, అద్దానికి వీపు పెట్టి, తమ ఇద్దరి కథనే ఎవరో పరాయివాళ్ల కథలా చెబుతాడు. అది చాలా పొడవైన సంభాషణ. మరో నటుడైతే అక్కడ కన్నీళ్లు కార్చే అవకాశాన్ని వదులుకునేవాడు కాడు. స్టాంటన్ గొంతు ఎక్కడా పెంచకుండా, జ్ఞాపకం వచ్చిన వరసలో చెప్పుకుంటూ పోతారు, బాధ మనకు వదిలేస్తారు. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో ఆ చిత్రానికే అత్యున్నత బహుమతి పామ్ దోర్ దక్కింది. అప్పటికి స్టాంటన్ వయసు 57.

అదే ఏడాది విడుదలైన ‘రెపో మ్యాన్’ చూస్తే ‘ఒకే మనిషి’ అన్న మీ మాట నిలవదు. వాయిదాలు కట్టనివాళ్ల కార్లను ఎత్తుకుపోయే పని చేసే బడ్, శిష్యుడికి తన వృత్తి ధర్మాల గురించి గుక్క తిప్పుకోకుండా ఉపన్యాసాలు దంచే కోపిష్టి. తరువాత ‘బిగ్ లవ్’ ధారావాహికలో యూటా రాష్ట్రంలోని బహుభార్యాత్వ ముఠాకు ప్రవక్తనని చెప్పుకునే రోమన్ గ్రాంట్‌గా, ట్రావిస్‌లో మనకు జాలి కలిగించిన ఆ మెత్తటి గొంతునే బెదిరింపుగా మార్చారు. శరీరం మారలేదు, వేషధారణ పెద్దగా మారలేదు, ఎదుటివాడి నుంచి ఆ పాత్ర ఏమి కోరుకుంటుందో అది మాత్రం మారింది.

సమాధానం (చివరి వరుస)

పై రెండు జవాబులూ బాగున్నాయి, కాని ఆయనకు గుడి కట్టే ధోరణి నాకు నచ్చదు. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒక సరదా సూత్రం చెప్పేవారు: హ్యారీ డీన్ స్టాంటన్ గాని, మరో నటుడు ఎం. ఎమెట్ వాల్ష్ గాని సహాయ పాత్రలో ఉన్న ఏ చిత్రమూ పూర్తిగా చెడ్డది కాలేదని. అభిమానులు దీన్ని వేదవాక్కులా వల్లిస్తారు గాని, 1989 నాటి ‘డ్రీమ్ ఎ లిటిల్ డ్రీమ్’ ఈ సూత్రాన్ని ఉల్లంఘించిందని ఈబర్ట్ స్వయంగా ఒప్పుకున్నారు. స్టాంటన్ నటించిన చిత్రాల జాబితా చాలా పెద్దది, అందులో ఆయన వచ్చి, నాలుగు మాటలు చెప్పి, పారితోషికం తీసుకుని వెళ్లినవి ఎన్నో ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు, అది ఉద్యోగం.

నాకు అసలు బాధ కలిగించేది వేరే ఉంది. ‘పారిస్, టెక్సాస్’ తరువాత ఆయన దగ్గరికి అలాంటి ప్రధాన పాత్రలు వరుస కట్టలేదు. 1986లో ‘ప్రెటీ ఇన్ పింక్’లో కథానాయిక తండ్రి, 1988లో మార్టిన్ స్కోర్సేసీ చిత్రం ‘ద లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’లో పౌలు, ఆ పైన దర్శకుడు డేవిడ్ లించ్ ఇచ్చిన చిన్న చిన్న వేషాలు. అన్నీ చక్కగా చేశారు. ఆస్కార్ నామినేషన్ ఒక్కటి కూడా రాలేదు. మళ్లీ పూర్తి చిత్రం భుజాన మోసే పాత్ర చెప్పుకోదగ్గది దొరికింది ‘లక్కీ’లోనే, తొంభయ్యో ఏట. దీన్ని ఆయన నిరాడంబరతగా, ఆయన ఎంచుకున్న దారిగా వర్ణించడం మనకు హాయిగా ఉంటుంది. అంతటి నటుణ్ని ఏం చేసుకోవాలో ముప్ఫై ఏళ్లు తెలియని పరిశ్రమ ఆ వర్ణన చాటున తప్పించుకుంటోంది.

మళ్లీ ప్రశ్న (రెండో ఆట)

అందరికీ కృతజ్ఞతలు. చివరి వరుస గారి మాట నన్ను ఆలోచింపజేసింది, గొంతు గురించి తెర వెనుక గారు చెప్పినది ఒప్పుకుంటున్నాను. ఇంకొక్క సందేహం. ‘లక్కీ’లో ఆయన యుద్ధకాలపు నౌకాదళంలో వంటవాడినని చెప్పుకుంటారు, పుట్టినరోజు విందులో ఉన్నట్టుండి స్పానిష్ పాట అందుకుంటారు. ఇవి ఆయన సొంత జీవితం నుంచి తీసుకున్నవేనా? ఆ తరువాత ఏది చూడమంటారు?

సమాధానం (తెర వెనుక)

వంటవాడి సంగతి పైన నలుపు తెలుపు గారు చెప్పినట్టు నిజమే. పాట కూడా అంతే. ఆయన జీవితమంతా గిటారు, హార్మోనికాలతో పాడుతూనే ఉన్నారు, ‘పారిస్, టెక్సాస్’ సంగీతంలో వినిపించే ‘కాన్సియోన్ మిక్స్‌టేకా’ అనే మెక్సికన్ పాట ఆయన గొంతే. ‘లక్కీ’లో హోటల్లో మరో యుద్ధ వీరుడుగా ఎదురుగా కూర్చునే టామ్ స్కెరిట్ ‘ఏలియన్’లో అంతరిక్ష నౌకకు కెప్టెన్; తప్పిపోయిన తాబేలు కోసం బెంగపడే మిత్రుడు డేవిడ్ లించ్. దర్శకుడు జాన్ కారల్ లించ్‌కు ఆయనతో చుట్టరికం ఏమీ లేదు, కాని జాన్ కూడా స్టాంటన్‌లాగే క్యారెక్టర్ నటుడే, అందుకే కాబోలు ఎక్కడా స్టాంటన్‌ను తొందరపెట్టలేదు. స్టాంటన్ 2017 సెప్టెంబర్ 15న లాస్ ఏంజిలిస్‌లో, 91వ ఏట మరణించారు. రెండు వారాల తరువాత చిత్రం అమెరికా థియేటర్లకు వచ్చింది.

‘పారిస్, టెక్సాస్’, ‘రెపో మ్యాన్’ రెండూ వెంట వెంటనే చూడండి. ఆ తరువాత 1999 నాటి ‘ద స్ట్రెయిట్ స్టోరీ’. పదేళ్లుగా మాటలు లేని సోదరుడు జబ్బు పడ్డాడని తెలిసి, ఒక ముసలాయన గడ్డి కోసే యంత్రం మీద అయోవా నుంచి విస్కాన్సిన్ దాకా ప్రయాణం చేస్తాడు. ఆ సోదరుడు స్టాంటన్. ఆయన కనిపించేది చివరి కొద్ది నిమిషాలే, చెప్పే మాటలు ఒకటో రెండో, మిగిలిన సమయమంతా వాకిట్లో నిలిపి ఉన్న ఆ యంత్రాన్ని చూస్తారు. దయచేసి ఆ సన్నివేశం కోసం చిత్రాన్ని ముందుకు జరపవద్దు. అంత దూరం ఆ యంత్రం వేగంతోనే మీరూ వచ్చి ఉంటేనే ఆ చూపు అర్థమవుతుంది.