అమ్మ వంటల పుస్తకం నేనే కుడదామనుకుంటున్నా, ఏ బైండింగ్ బెటర్?

ఉక్కునగరం_పిల్ల:
అందరికీ నమస్తే. డిసెంబర్‌లో మా అమ్మకి 60 నిండుతాయి. ఆవిడ పాత డైరీల్లో రాసుకున్న వంటలన్నీ, పనసపొట్టు కూర దగ్గర్నుంచి చేపల పులుసు దాకా, చేత్తో తిరగరాసి మధ్యలో ఫొటోలు అంటించి ఇద్దామని ప్లాన్. ఏ5 సైజు, 120 పేజీలు, 100 జీఎస్ఎం పేపర్. పొయ్యి పక్కన పెడితే తెరిచింది తెరిచినట్టే ఉండాలి, అదొక్కటే కండిషన్. జిరాక్స్ షాపాయన స్పైరల్ వేసేస్తానమ్మా పది నిమిషాలు అన్నాడు గానీ అది కాలేజీ ప్రాజెక్టులా ఉంటుంది, పైగా వైజాగ్‌లో మా ఎంవీపీ కాలనీ సముద్రపు గాలికి తీగ ఎన్నాళ్ళుంటుందో. గమ్ బైండింగా, జపాన్ కుట్టా, కాప్టిక్ కుట్టా? వీడియోలు చూసి చూసి బుర్ర తిరిగిపోయింది. నాకు గుండీ కుట్టడం వరకే వచ్చు.

గోళీసోడా77:
జపాన్ కుట్టు చేసేయండి మేడం, 4 చిల్లులు పెట్టి దారం తిప్పడమే, మా పాప బొమ్మలకి గంటలో చేశా.

పాతపుస్తకాలోడు:
బొమ్మలకి ఓకే బ్రో, వంటలకి కాదు. అది పక్క కుట్టు, అంచు నుంచి సెంటీమీటరు లోపల బిగిసిపోద్ది, చెయ్యి తీస్తే టప్పున మూసుకుంటాది, చేతికేమో శనగపిండి. గమ్ బైండింగ్ విరిచి విరిచి పెడితే వీపు, అంటే పేజీలన్నీ కలిసే వైపు, పగిలి పేజీలు ఊడొస్తాయి. కాప్టిక్కే చెయ్యమ్మా, ఈజిప్టువాళ్ళ పాత పద్ధతి, వీపుకి జిగురే ఉండదు, దారం గొలుసులా కనపడతా ఉంటాది, పూర్తిగా పరుచుకుంటాది. 120 కాదు 128 పేజీలు పెట్టుకో, నాలుగేసి షీట్లు మడిచి ఒకదాంట్లో ఒకటి పెడితే 16 పేజీల ఫారం, అలాంటివి 8. ముందు పెన్సిల్‌తో పేజీ నంబర్లు వేసుకుని తర్వాత రాయి, లేకపోతే పులుసు సగం ఒక చోట సగం ఇంకో చోట తేలుతుంది. ఇంకోటి, కాగితానికి కూడా పోగు ఉంటాది, అంటే లోపలి నారలు సాగే దిశ, అది మడతతో పాటు నిలువుగా ఉండాలి. మామూలు ఏ4ని మధ్యకి మడిస్తే పోగు అడ్డం పడతాది, మన తేమకి పేజీలు వీపు దగ్గర అలలు తేలతాయి. నిలువు పోగున్న ఏ3 కొని సగానికి కోయించుకుంటే సరిపోద్ది.

ఉక్కునగరం_పిల్ల:
అయ్యో అన్నా, ఏ4 మీద రెండు ఫారాలు ఆల్రెడీ రాసేశా 😭

పాతపుస్తకాలోడు:
చింపకు తల్లీ, కొంచెం అలలున్నా మునిగిపోదు. మిగతావి మాత్రం ఏ3లోంచి కోయించు. కలిపి కుట్టేయ్.

దబ్బనం_అక్క:
ఫొటోల సంగతి ఎవరూ చెప్పలేదేం? అంటించిన కొద్దీ పుస్తకం పేజీలు తిప్పే వైపు ఉబ్బి చేపలా నోరు తెరుస్తుంది. ఫొటో పేజీలున్న ఫారాల్లో రెండు సెంటీమీటర్ల వెడల్పు కాగితం పట్టీలు కూడా మడిచి కలిపి కుట్టు, వీపు దగ్గరా అంతే మందం వస్తుంది. అట్టకి బట్ట అంటించడానికి మైదా ఉడికించు, ఫెవికాల్ తొందరగా పట్టేసి సర్దుకునే టైమివ్వదు, రెండూ కలిపినా పర్లేదు. పాత బైండర్లు పురుగు పట్టకుండా మైదాలో మైలుతుత్తం వేసేవాళ్ళు, నువ్వు మాత్రం వెయ్యకు, అది విషం, పైగా నీది వంటింట్లో తిరిగే పుస్తకం. అంటించిన అట్టని డాబా మీద ఎండలో పెట్టకు, వంకర పోతుంది. పాత పేపర్ల మధ్య పెట్టి పైన రుబ్బురోలు పొత్రం పెట్టి రెండ్రోజులు వదిలెయ్. దారానికి తేనెమైనం రాస్తే చిక్కు పడదు.

ఉక్కునగరం_పిల్ల:
థాంక్యూ అక్కా, అన్నా. నిన్న రాత్రి పాత పేపర్లతో 3 ఫారాలు ట్రయల్ కుట్టా, పరుచుకుంటోంది గానీ వదులుగా ఊగుతోంది. దారం లాగాల్సింది పైకా, వీపు వెంబడా?

దబ్బనం_అక్క:
వీపు వెంబడే, కుట్టుకుంటూ వెళ్తున్న వైపుకి. పైకి లాగావంటే కాగితం చిరుగుతుంది.