మొక్కడానికి కాదు, చూడటానికి గుడికి వెళ్తున్నా. తీర్థం దగ్గర ఏం చేయాలి?

సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగినా గుడి లోపలికి ఎప్పుడూ వెళ్లలేదండి, మాది క్రైస్తవ కుటుంబం. పూజ ఎలా జరుగుతుందో శ్రద్ధగా చూడాలని ఉంది. ఏ గుడికి, ఏ వేళకి వెళ్లాలి? తీర్థం, హారతి వద్దనుకుంటే ఎవరినీ నొప్పించకుండా ఎలా?

గుడిమెట్లు:
ముందు నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిర్ చూడండి. 1976లో ప్రతిష్ఠ జరిగిన పాలరాతి వేంకటేశ్వరాలయం. ధ్యానానికి అనువుగా ఉండాలని అక్కడ గంటలు పెట్టలేదు. ఫోన్ లోపలికి రానివ్వరు. వేంకటేశ్వరుడి గుడికి శనివారం వెళ్లకండి, రద్దీలో ఏమీ చూడలేరు. మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు, అది కూడా చూసుకోండి.

ఇక తీర్థం. తీసుకునేవాళ్లు ఎడమ చేయి కింద పెట్టి, కుడి అరచేతిని దొప్పలా చేసి పడతారు. అర్చకుడు ఉద్ధరిణెతో పోస్తాడు, చప్పుడు లేకుండా తాగాలి. వద్దనుకుంటే చేయి అసలు చాపకండి. సగం చాపి వెనక్కి లాక్కుంటేనే చిక్కు, తీర్థం నేలపాలవుతుంది, అది అందరికీ బాధ. రెండు చేతులూ జోడించి పక్కకి జరిగితే చాలు, అర్చకుడు పక్కవాళ్లకి ఇస్తాడు. తల మీద పెట్టే కిరీటంలాంటి శఠగోపం కూడా అంతే. దాని మీద స్వామి పాదాలుంటాయి, తల వంచినవాళ్లకే పెడతారు. హారతి పళ్లెంలో దక్షిణ వేయాలన్న నిర్బంధం లేదు.

ప్రసాదం విషయంలో మాత్రం ఒక్క మాట. వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. తీసుకుని చెత్తబుట్టలో వేయడమే తప్పు. చేతిలో పడ్డాక తినలేకపోతే పక్కవాళ్లకి ఇచ్చేయండి, సంతోషంగా తీసుకుంటారు.

నందివాహనం:
శివాలయం సంగతి నేను చెప్తా. నందికీ లింగానికీ మధ్య నుంచి నడవకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, ఖాళీగా కనబడింది కదా అని అడ్డం వెళ్తారు. గర్భగుడి బయట అభిషేక జలం వచ్చే రాతి తూమును సోమసూత్రం అంటారు. చాలామంది దాన్ని దాటకుండా అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. ఎదురొస్తున్నారేంటని కంగారుపడకండి, దారివ్వండి.

పూజ దగ్గరగా చూడాలంటే పెద్ద గుడికన్నా మీ కాలనీలోని చిన్న గుడే మేలు. సోమవారం కాకుండా వేరే రోజు, పొద్దున అభిషేకం వేళకి వెళ్లి మండపంలో స్తంభం పక్కన కూర్చోండి. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార ఒక్కొక్కటిగా పోస్తూ మధ్యలో నీళ్లతో కడుగుతారు. తర్వాత అలంకారానికి తెర వేస్తారు. అయిపోయిందనుకుని చాలామంది లేచి వెళ్లిపోతారు. ఆగండి, తెర తీశాక ఇచ్చే హారతే అసలు చూడాల్సింది. ఆ వెలుగులో స్వామి ముఖం ఒక్కసారిగా కనబడుతుంది.

అడిగినవారు:
చాలా థాంక్సండి. చిలుకూరు బాలాజీ గుడి కూడా చూడొచ్చా? అర్చన టికెట్టుకి గోత్రం అడుగుతారట?

గుడిమెట్లు:
చూడొచ్చు, కానీ రెండోసారికి ఉంచుకోండి. అక్కడ కోరుకునేటప్పుడు 11, కోరిక తీరాక 108 ప్రదక్షిణలు చేస్తారు. కార్డు మీద లెక్క పెట్టుకుంటూ గబగబా నడుస్తుంటారు, దారిలో నిలబడి చూస్తే గుద్దుకుంటారు. గోడ పక్కకి నిలబడండి. నడవాలనుకుంటే గర్భగుడి మీ కుడివైపు ఉండాలి. హుండీ కోసం వెతకకండి, ఆ గుడికి హుండీ లేదు.

గోత్రం అర్చన చేయించుకునేవాళ్లని అడుగుతారండి. చూడటానికి వచ్చినవాళ్లకి టికెట్టుతో పనిలేదు.