అమెరికాలో కుట్టిన పాత చొక్కా నిజంగానే మేలైనదా?

మూడుకళ్ల గుండీ (న్యూజెర్సీ):

గత నెలలో మా ఊరి పాతబట్టల దుకాణంలో ఎనిమిది డాలర్లు పెట్టి ఒక తెల్ల చొక్కా కొన్నాను. ఇంటికి తెచ్చి దీపం కింద పరచి చూస్తే గుండీలకు నాలుగు కన్నాలకు బదులు మూడే ఉన్నాయి, వాటిని పట్టి ఉంచిన దారం చిన్న త్రికోణంలా కనబడుతోంది. చొక్కా అడుగు అంచున, ప్యాంటులోకి దోపుకుంటే ఎవరి కంటా పడని చోట, ఎర్ర దారంతో కుట్టిన ‘హెచ్’ అక్షరం ఉంది. ఈ రెండూ హాథవే కంపెనీ గుర్తులు. మెయిన్ రాష్ట్రంలోని వాటర్‌విల్‌లో 1837లో మొదలై, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైనికులకు చొక్కాలు కుట్టిన ఆ కర్మాగారం 2002లో మూతపడింది. కనుక అమెరికాలో తయారైందని పట్టీ మీద రాసి ఉన్న నా చొక్కాకు తక్కువలో తక్కువ ఇరవై ఏళ్లు దాటి ఉండాలి.

అయినా దాని కాలర్ ఈనాటికీ చక్కగా నిలబడుతోంది. మూడేళ్ల కిందట ఒక పేరున్న దుకాణంలో ఇంతకు పదిరెట్లు పెట్టి కొన్న ఇస్త్రీ అక్కర్లేని చొక్కాకైతే ఇరవై ఉతుకులు తిరగకుండానే కాలర్ మీద అప్పడం పొంగినట్టు బుడగలు లేచాయి. అందుకే అడుగుతున్నాను: ఆ రోజుల్లో అమెరికాలో కుట్టిన చొక్కా నిజంగానే మేలైనదా, లేక నా మనసు దానికి లేని మెరుగు పెడుతోందా? మొదటిదే నిజమని నా నమ్మకం.

లెక్కలపుస్తకం (హైదరాబాద్):

గుండీ గారూ, మీ చేతికి చిక్కిన ఒక్క చొక్కా వెనక, చిరిగి వేడి గిన్నెలు దించే పీలికలై, బూట్లు తుడిచే గుడ్డలై పోయిన వందల చొక్కాలున్నాయి. వాటిలో ఏదీ పాతబట్టల దుకాణం దాకా రాలేదు. మిగిలినవాటిని చూసి పోయినవాటికి కూడా మార్కులు వేయడం లెక్క కాదు.

పైగా మీరు తలచుకుంటున్న హాథవే వైభవంలో సగం ప్రకటనల చలవ. 1951లో ప్రకటనలు రాసే డేవిడ్ ఓగిల్వీ ఒక మీసాల పెద్దమనిషికి కంటి మీద నల్ల గుడ్డ కట్టించి ఫోటో తీయించి పత్రికలో వేసేదాకా, వందేళ్లు దాటిన ఆ కంపెనీ పేరు దేశంలో పెద్దగా ఎవరికీ తెలియదు. కుట్టు మారలేదు, మారింది బొమ్మ.

ఇక మీరు తిడుతున్న రెండు పాపాలూ, బుడగలు లేచే అంటించిన కాలరూ, ఇస్త్రీ అక్కర్లేని బట్టా, అమెరికాలోనే పుట్టాయి. కాలర్ పొరలను వేడితో అంటించే పద్ధతి 1930లలో అక్కడ ప్రచారంలోకి వచ్చింది. ఉతికి ఆరేసి తొడుక్కునే చొక్కాను 1953లో డ్యూపాంట్ వారి డేక్రాన్ అనే పాలిస్టర్ కలిపిన బట్టతో అమ్మినది, సంప్రదాయానికి మారుపేరని మీరంతా చెప్పుకునే అమెరికన్ బట్టల కంపెనీ బ్రూక్స్ బ్రదర్సే. విదేశీ కర్మాగారాలు వచ్చి అమెరికన్ చొక్కాను చెడగొట్టాయనే కథ నాకు మింగుడుపడదు.

ఆ మంచి రోజులు కుట్టేవాళ్లకు, ఉతికేవాళ్లకు ఎలా ఉండేవో కూడా చూడాలి. కాలర్ల నగరమని పేరుబడ్డ న్యూయార్క్ రాష్ట్రపు ట్రాయ్‌లో, మరుగునీళ్ల ఆవిరిలో రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు కాలర్లు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన ఆడవాళ్లు 1864లో కేట్ ములానీ నాయకత్వంలో సంఘం పెట్టి సమ్మె చేస్తే తప్ప వారి కూలి పెరగలేదు. తెల్ల కాలర్ కింద వాళ్ల చేతులు కాలాయి.

పడుగుపేక (కోయంబత్తూరు):

ఇద్దరూ దేశం పేరు మీద వాదిస్తున్నారు. ఇరవై ఏళ్లుగా మిల్లులో పనిచేస్తున్నవాడిగా నేను బట్ట సంగతి, కుట్టు సంగతి చెబుతాను.

ఇస్త్రీ అక్కర్లేని నూలుబట్టకు ఫార్మాల్డిహైడ్ ఆధారంగా చేసిన రెజిన్ పట్టించి వేడి చేస్తారు. నూలులోని సెల్యులోజ్ గొలుసులకు మధ్య అడ్డుకట్లు పడతాయి, అందువల్ల ఉతికాక బట్ట మళ్లీ చదునుగా నిలుస్తుంది. అయితే అదే కట్టు పోగుకున్న సాగుడును, బలాన్ని బాగా తగ్గిస్తుంది. అందుకే అలాంటి చొక్కా ముందుగా కాలర్ మడత దగ్గర, కఫ్ అంచున చిట్లుతుంది. గుండీ గారి కాలర్ బుడగలకు కారణం ఇది కాదు. అక్కడ కాలర్ నిలబడడానికి లోపల వేసే గట్టి గుడ్డను, అంటే బక్రాన్ని, జిగురుతో అంటించారు, ఉతుకులో పైబట్ట ఒక లెక్కన, బక్రం మరో లెక్కన కుదించుకుపోయాయి, జిగురు వదిలింది. బక్రాన్ని అంటించకుండా కుట్టి వదిలేస్తే ఆ చిక్కే రాదు, కానీ అలా కుట్టడానికి చెయ్యి తిరిగినవాళ్లు కావాలి, సమయం కూడా ఎక్కువ పడుతుంది.

ఆక్స్‌ఫర్డ్ బట్ట సంగతి మరీ ముచ్చటైనది. సన్నని పడుగు (నిలువు) పోగులు రెండేసి జంటగా నడుస్తాయి, వాటి మీదుగా ఒక లావుపాటి పేక (అడ్డపోగు) దాటుతుంది. పడుగు నీలం, పేక తెలుపు అయితే దగ్గరగా చూసినప్పుడు నీలం మీద తెల్లని నలుసులు చల్లినట్టుంటుంది. 1896లో బ్రూక్స్ వారు పోలో ఆటగాళ్ల చొక్కాలను చూసి తెచ్చిన, కొసలను చొక్కాకు గుండీలతో బిగించే కాలర్‌కు ఈ బట్ట కుదిరినట్టు మరేదీ కుదరలేదు. లోపల బక్రమే లేని కాలర్ గుండీ పెట్టుకున్నప్పుడు బిగుసుకుపోకుండా ముందుకు ఒక వంపు తిరుగుతుంది. వాళ్లే తర్వాత అందులో గట్టి బక్రం దూర్చి ఆ వంపును పోగొట్టుకున్నారు, 2016 ప్రాంతంలో మళ్లీ బక్రం లేని కాలర్‌తో, ముత్యపుచిప్ప గుండీలతో సుమారు 140 డాలర్లకు తెచ్చారు.

కాబట్టి నా తీర్పు: మేలు దేశానిది కాదు, నిర్ణయానిది. పెన్సిల్వేనియాలోని ఆష్‌లాండ్‌లో గిట్‌మన్ వారు, మీ న్యూజెర్సీలోనే పెర్త్ అంబాయ్‌లో ఇండివిడ్యువలైజ్డ్ షర్ట్స్ వారు పాత పద్ధతిని పట్టుకునే నిలబడ్డారు. ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది, అంతే.

లెక్కలపుస్తకం:

ఆ ఝల్లుమనడమే నేను చెబుతున్నది. ఆనాటి జీతాలతో పోలిస్తే మంచి చొక్కా అప్పుడూ చవక కాదు. అప్పుడు ఒకడికి నాలుగు చొక్కాలుంటే ఇప్పుడు నలభై ఉన్నాయి.

చీరాల చిన్నోడు (చీరాల):

మా తరానికి ‘అమెరికన్ చొక్కా’ అంటే 1990లలో ఇక్కడికి వచ్చిన యారో, వాన్ హ్యూసెన్. పేర్లు ట్రాయ్‌వీ, పెన్సిల్వేనియావీ. అమ్మింది మాత్రం లైసెన్సు తీసుకున్న అరవింద్, మధుర కంపెనీలు. మా నాన్న నా పెళ్లికి కొనుక్కున్న యారో చొక్కా పదిహేనేళ్లు నడిచింది. అది అమెరికా ముఖమే చూడలేదు, పెట్టెలో పేరు మాత్రమే వచ్చింది. కనుక పేరును బట్టి మేలు ఎంచడం నాకూ సమ్మతం కాదు.

ఇంకో సంగతి. 1950ల చివర, 60లలో అమెరికా కాలేజీ కుర్రాళ్లు ఎగబడి తొడిగిన గళ్ల మద్రాసు చొక్కాల బట్ట మన వైపు మగ్గాల మీదిదే. ఉతికితే రంగు వదులుతోందని గొడవైతే, రంగు వదలడమే దాని అందమని ప్రకటనలు ఇచ్చి అమ్ముకున్నారు! మా ఊళ్లో నేసిన మద్రాసు రుమాళ్లు పశ్చిమ ఆఫ్రికాకు ఓడలెక్కాయి. ‘అమెరికన్ క్లాసిక్’ పడుగులో మన పోగులూ ఉన్నాయి గనుక, దాన్ని ఒక్క ఊరి సొత్తుగా చూడకండి.

మూడుకళ్ల గుండీ:

లెక్కల గారి మాటల్లో ఒకటి ఒప్పుకుంటాను: చిరిగిపోయినవి నాకు కనబడవు. పడుగుపేక గారి మాట మొత్తం ఒప్పుకుంటాను. అయినా ఒక్క విషయం దగ్గర వెనక్కి తగ్గను.

పాత చొక్కా పట్టీ మీద రెండు అంకెలుంటాయి, 16, 34. మొదటిది మెడ, రెండోది చేతి పొడవు, అంగుళాల్లో. మెడ అరంగుళం చొప్పున, చెయ్యి అంగుళం చొప్పున మారుతూ, ఒకే రంగు చొక్కాను దుకాణంవాడు పాతిక కొలతల్లో అరల్లో పేర్చి ఉంచేవాడు. తర్వాత సరుకు నిల్వ తగ్గించుకోవడానికి 34/35 అని చేతులను జంట చేశారు. ఇప్పుడు చాలా చోట్ల చిన్న, మధ్య, పెద్ద. నా చేతులు కాస్త పొడుగు. మెడ సరిపోతే మణికట్టు బయటపడుతుంది, చెయ్యి సరిపోతే మెడలో రెండు వేళ్లు దూరతాయి. ఇది జ్ఞాపకం అల్లిన కథ కాదు, టేపు పెట్టి కొలిచి చెబుతున్నాను.

నిర్ణయమే ముఖ్యమన్న మాటకు ఒక చేర్పు. నార్త్ కరోలినాలో వెయ్యి జనాభా కూడా లేని గార్లండ్ అనే ఊళ్లో బ్రూక్స్ వారి చొక్కాల కర్మాగారం ఉండేది. కంపెనీ దివాలా పిటిషన్ వేసిన 2020లో, కొన్ని నెలలు మాస్కులు కుట్టాక, దాన్ని మూసేశారు. బక్రం లేని కాలర్‌ను వంపు చెడకుండా తిప్పడం వచ్చిన చేతులు ఆ ఊళ్లో ఉండేవి. నిర్ణయం ఎక్కడైనా తీసుకోవచ్చు. దాన్ని అమలు చేసే చేతులు ఒకసారి చెల్లాచెదురైతే మళ్లీ పోగుచేయడం కష్టం.

పడుగుపేక:

దానికి అడ్డు చెప్పలేను. వర్జీనియాలోని డాన్ రివర్ బట్టల మిల్లును 2006లో మన గుజరాత్ హెవీ కెమికల్స్ వారు కొన్నారు, రెండేళ్లు తిరక్కుండానే అది ఆగిపోయింది. మగ్గాలు అమ్ముకోవచ్చు, నేతగాళ్లను అమ్ముకోలేరు.

చీరాల చిన్నోడు:

గుండీ గారూ, మీ హాథవే చొక్కా కాలర్ మడత ఎప్పటికైనా నలిగి చిట్లుతుంది. పారేయకండి. మా బజారులో డెబ్బై ఏళ్ల దర్జీ ఒకాయన కాలర్ విప్పి, తిరగేసి, చిరిగిన వైపు లోపలికి పోయేలా మళ్లీ కుట్టి ఇస్తాడు. ఆయన మొదట అడిగేది ఒక్కటే: లోపలి బక్రం అంటించిందా, కుట్టిందా? అంటించి, బుడగలు లేచినదైతే చొక్కా మడిచి చేతికిచ్చేస్తాడు.

మూడుకళ్ల గుండీ:

సంక్రాంతికి వస్తున్నాను. ఇప్పుడే కాలర్ పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాను, లోపలి పొర విడిగా జరుగుతోంది. కుట్టిందే. ఆయన కూలి ఎంతో కనుక్కుని చెప్పండి.