లెక్సస్ ఈఎస్ తీసుకోవాలా, బీఎండబ్ల్యూ 3 సిరీస్ తీసుకోవాలా?

హైదరాబాద్‌లో ఉంటాను, మూడు నాలుగేళ్లు వాడిన లగ్జరీ కారు తీసుకుందామని చూస్తూ ఈ రెండింటి దగ్గర ఆగిపోయాను. 3 సిరీస్ నడిపి చూశా. పవర్ వెనక చక్రాలకు, గేర్‌బాక్స్ 8 స్పీడ్, ఓఆర్ఆర్ ఎక్కే లూప్‌లో స్టీరింగ్ కాస్త తిప్పితే చాలు, బండి మొత్తం మన మాట విన్నట్టు తిరిగింది, అసలు దిగబుద్ధి కాలేదు. ఈఎస్ 300హెచ్ 2.5 లీటర్ల హైబ్రిడ్, లోపల చాలా ప్రశాంతం, కానీ గట్టిగా తొక్కితే ముందు ఇంజిన్ మోత, తర్వాతే వేగం.

నా పాత కారు వారంటీ అయిపోయిన రెండో నెలలోనే కూలెంట్ లీకై, అమ్మానాన్నలతో సూర్యాపేట దాటాక ఎండలో మూడు గంటలు నిలబెట్టింది. ఆ టెన్షన్ మళ్లీ పడలేను, శ్రీశైలం ఘాట్‌లో నడిపే ఆనందమూ వదులుకోలేను. వారంటీ అయ్యాక కూడా 3 సిరీస్ వాడుతున్నవాళ్లు ఏడాదికి ఎంత ఖర్చవుతోందో, దారిలో ఎప్పుడైనా ఆగిందో దయచేసి చెప్పండి.