కాన్ లేహీ పతకాలు ఎవరి ఖాతాలో ఉండాలి?

పాతపేపరు: ఐర్లాండ్‌లోని లిమెరిక్ ప్రాంతపు హైజంపర్ కాన్ లేహీ 1906 ఏథెన్స్ క్రీడల్లో 1.775 మీటర్లు దూకి స్వర్ణం గెలిచాడు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో 1.88 మీటర్లు దూకి మరో ఇద్దరితో రజతం పంచుకున్నాడు. రెండూ బ్రిటన్ ఖాతాలోనే ఉన్నాయి. వాటిని ఐర్లాండ్ పేరుకు మార్చాలి.

లెక్కలమాస్టారు: ముందొక సవరణ. 1906 క్రీడలను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధికారిక ఒలింపిక్స్‌గా లెక్కించదు. అది ఒలింపిక్ స్వర్ణం కాదు.

పాతపేపరు: నేను "ఏథెన్స్ క్రీడలు" అనే రాశాను. మళ్ళీ చదవండి.

కొత్తగొంతు: 1.775 మీటర్లేనా? మా కళాశాల పిల్లలే దూకుతారు.

ఇసుకగుంట: మీ పిల్లలు వెనక్కి వాలి, మెత్తటి పరుపు మీద పడతారు. ఆ పద్ధతి 1968 ఒలింపిక్స్‌లో అమెరికా హైజంపర్ ఫాస్‌బరీ గెలిచాకే లోకానికి తెలిసింది. లేహీ కాలంలో పరుపుల్లేవు, కాళ్ళ మీదే దిగాలి.

లెక్కలమాస్టారు: అసలు విషయానికి వద్దాం. అప్పుడు ఐర్లాండ్ బ్రిటన్ పాలనలో ఉంది, దానికి సొంత ఒలింపిక్ కమిటీ లేదు, అక్కడి ఆటగాళ్ళు బ్రిటన్ తరఫునే నమోదయ్యారు. పట్టికలను తిరగదోడితే 1900 పారిస్ ఒలింపిక్స్‌లో, కలకత్తాలో పుట్టిన నార్మన్ ప్రిచర్డ్ గెలిచిన రెండు రజతాల సంగతేమిటి? కమిటీ వాటిని భారత్ ఖాతాలో రాసింది, బ్రిటన్‌వని వాదించేవారూ ఉన్నారు.

పాతపేపరు: ప్రిచర్డ్ జెండా కర్ర ఎక్కలేదు. ఏథెన్స్‌లో లాంగ్ జంప్ రజతానికి బ్రిటన్ జెండా ఎగరేస్తే, అది గెలిచిన ఐరిష్ ఆటగాడు పీటర్ ఓకానర్ ఆ కర్ర పైకి ఎగబాకి "ఎరిన్ గో బ్రా" అని రాసిన పచ్చ జెండా ఊపాడు. ఐర్లాండ్ ఎల్లకాలం వర్ధిల్లాలని దాని భావం. ఎవరూ ఆయన్ను దించకుండా కింద కాపలా కాసింది లేహీ! ఇంతకన్నా ఏం చెప్పాలి ఆయన?

ఇసుకగుంట: మా బడి తరఫున పంపడం కుదరదని, జిల్లా పోటీలకు నన్ను పక్క ఊరి బడి పేరుతో పంపారు. హైజంప్‌లో రెండో స్థానం వచ్చింది. పత్రం మీద ఆ బడి పేరే ఉంది. గుంట తవ్వి, ఇసుక మోసి నాకు దూకడం నేర్పిన మా డ్రిల్లు మాస్టారి బడి పేరు ఎక్కడా లేదు.

లెక్కలమాస్టారు: మీ బాధ వేరు, పట్టిక వేరు.

ఇసుకగుంట: వేరు కాదు. మీకు కాగితమే తప్ప మనిషి కనిపించడు.

లెక్కలమాస్టారు: కనిపిస్తాడు కనుకనే దిద్దవద్దంటున్నాను! నా మాట వినకుండానే మనసు లేనివాడినని తేల్చేశారు. ఆ గడిలో ఐర్లాండ్ అని రాసేస్తే, ఓకానర్ కర్ర ఎందుకు ఎక్కవలసి వచ్చిందో రేపటి పిల్లలకు ఎలా తెలుస్తుంది? బ్రిటన్ అన్న ఆ మాటే జరిగిన అన్యాయానికి సాక్ష్యం.

పాతపేపరు: సాక్ష్యం మీకూ నాకూ. మరి లేహీకి? 1909లో అమెరికా వెళ్ళిపోయి, 1921లో న్యూయార్క్‌లో పోయాడు. ఐర్లాండ్ సొంత పేరుతో ఒలింపిక్స్‌కు వచ్చింది 1924లో. మూడేళ్ళ తేడాలో ఆ రోజు చూడలేకపోయాడు.

లెక్కలమాస్టారు: పేరు పక్కన ఆ జెండా సంగతి రాయమనండి, నేనూ సంతకం పెడతాను. చెరపడానికి మాత్రం ఒప్పుకోను.

ఇసుకగుంట: నా పత్రం మీద పక్కన రాయడానికి కూడా ఒప్పుకోలేదు, మాస్టారూ. రెండుసార్లు అడిగాను.